ఒక గేమ్ ఎన్ని మోడ్లు మోస్తుంది?

బెంగళూరులో మన కుర్రాళ్లు ఎక్కువగా ఉండే మారతహళ్లి, బీటీఎం పీజీల్లో పీసీ గేమ్స్ గురించి మాట వచ్చిందంటే "ఎన్ని మోడ్లు వేశావ్ రా?" అన్న ప్రశ్న వచ్చి తీరుతుంది. మోడ్ అంటే గేమ్‌ను తమకు నచ్చినట్టు మార్చుకోవడానికి ఆడేవాళ్లే చేసి పంచుకునే ఫైళ్లు. ఒకడు ఐదంటాడు, ఇంకొకడు ఐదొందలంటాడు. ఐదొందలన్నవాడి మానిటర్ చుట్టూ జనం మూగుతారు. కానీ ఈ లెక్కతో తెలిసేది చాలా తక్కువ. మూడొందల మోడ్లతో నెలల తరబడి క్రాష్ లేకుండా నడిచే స్కైరిమ్ అనే గేమ్‌ని చూశాను. ఆట మధ్యలో ఒకే ఒక్క మోడ్ తీసేసి వంద గంటల ఆట దాచిన సేవ్ ఫైలు పోగొట్టుకున్నవాళ్లనూ చూశాను. మోడ్ గేమ్‌లో ఎంత లోతుకు వెళ్తోంది, అది తాకిన చోటునే ఇంకెన్ని మోడ్లు తాకుతున్నాయి అన్నవి చూడాలి. బరువంతా అక్కడే ఉంది.

ఆడేవాళ్లు గేమ్‌ను మార్చుకోవడం కొత్తేమీ కాదు. 1993లో డూమ్ వచ్చినప్పుడు దాని ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ గేమ్‌ను నడిపే ప్రోగ్రామ్‌ను ఒకవైపు, బొమ్మలు, శబ్దాలు, మ్యాపులు ఉండే వాడ్ ఫైళ్లను మరోవైపు విడివిడిగా పెట్టాడు. ప్రోగ్రామ్ జోలికి పోకుండా కొత్త మ్యాపులు చేసుకునే వీలు అలా దొరికింది. హాఫ్-లైఫ్ మీద మోడ్‌గా 1999లో కౌంటర్-స్ట్రైక్ పుట్టింది. వార్‌క్రాఫ్ట్ 3 మీద డోటా పుట్టింది. ఆర్మా 2 మీద డేజీ, డేజీ మీద బ్రెండన్ గ్రీన్ చేసిన బ్యాటిల్ రాయల్ మోడ్, ఆ ఆలోచనలోంచే 2017లో పబ్జీ. లాక్‌డౌన్‌లో రాత్రంతా పబ్జీ ఆడిన మనవాళ్లందరూ ఒక మోడ్ కడుపున పుట్టిన గేమ్‌నే ఆడారు. అంతకుముందు మన ఊళ్ల నెట్ సెంటర్లలో వైస్ సిటీ ఆడినవాళ్లకు, అందులో ఎవరో కార్లు, బైకులు మార్చిపెట్టిన కాపీలు గుర్తుండే ఉంటాయి.

ఇక లోతు సంగతి. పైపొర ఎలా ఉంటుందో చూడటానికి పీసీ కూడా అక్కర్లేదు. ఇండోనేషియాకు చెందిన మాలియో సంస్థ చేసిన బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా అనే ఫోన్ గేమ్‌లో మన కుర్రాళ్లు ఏపీఎస్‌ఆర్టీసీ బస్సులు తోలుతుంటారు. శుక్రవారం రాత్రి బెంగళూరు నుంచి ఏ బస్సెక్కి ఊరికి పోతారో, ఖాళీ దొరికితే అదే బస్సును ఫోన్‌లో నడుపుతారు. ఇండోనేషియాలో కూడా బండ్లు మనలాగే రోడ్డుకు ఎడమ వైపునే వెళ్తాయి కాబట్టి, కుడివైపు స్టీరింగ్ ఉన్న మన బస్సు అక్కడి రోడ్ల మీద ఏమాత్రం ఎబ్బెట్టుగా అనిపించదు. ఇందులో లివరీ అంటే బస్సు ఒంటి మీద చుట్టే ఒక ఇమేజ్ ఫైల్. రంగులు, చారలు, డిపో పేరు, వెనక అద్దం మీది అక్షరాలు అన్నీ అందులోనే. నచ్చకపోతే తీసేస్తారు, గేమ్‌కేమీ కాదు. దాని కింది మెట్టు వెహికల్ మోడ్. ఇక్కడ బస్సు ఆకారమే కొత్తది. చక్రాలు, తలుపులు, లోపలి సీట్లు అన్నీ మోడ్‌తోనే వస్తాయి. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ల మీద భారం ఇక్కడే మొదలవుతుంది. అయినా ఈ రెండింటికీ గేమ్ తానే దారి ఇచ్చింది కాబట్టి ప్రమాదం తక్కువ.

పీసీలో దీనికి సమానమైనది టెక్స్‌చర్ మోడ్. రాయి, గడ్డి, చర్మం, ఇనుము ఎలా కనిపించాలో చెప్పే బొమ్మలు మారతాయి, గేమ్ ఆలోచనలో ఏ మార్పూ ఉండదు. అందుకే టెక్స్‌చర్లు ఎన్ని వేసినా గేమ్ తర్కం చెడదు. అక్కడ దెబ్బ తగిలేది గ్రాఫిక్స్ కార్డ్ మెమరీకి. లెక్క చూడండి. 4కే టెక్స్‌చర్ అంటే నిలువునా అడ్డంగా 4096 పిక్సెల్స్, మొత్తం ఒక కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు. ఇప్పుడు ఎక్కువగా వాడే బీసీ7 పద్ధతిలో కుదిస్తే పిక్సెల్‌కి ఒక బైట్ చొప్పున 16 ఎంబీ. దూరం నుంచి చూసినప్పుడు వాడే చిన్న కాపీలు కూడా కలిపితే దాదాపు 21 ఎంబీ. ఒక రాయికి రంగు చూపే టెక్స్‌చర్ ఒకటి, ఎత్తుపల్లాలు చూపేది ఇంకొకటి, కనీసం రెండుంటాయి. అంటే ఒకే రకం రాయికి 40 ఎంబీ దాటుతుంది. 2కే వేస్తే అందులో నాలుగో వంతు చాలు. ఎదురుగా ముక్కు ఆనించి చూస్తే తప్ప చాలా వస్తువుల్లో తేడా కనిపించదు. 6 జీబీ కార్డున్నవాళ్లు చెంచాలకూ బుట్టలకూ 4కే టెక్స్‌చర్లు వేసి, గేమ్ ఆగి ఆగి నడుస్తోందని కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్‌కి వెళ్లి కొత్త కార్డు ధరలు అడగడం నాకు బాధ కలిగిస్తుంది. ముందు కొండలకు, నేలకు, శరీరానికి మాత్రం పెద్దవి ఉంచి మిగతావన్నీ 2కే చేసి చూడండి. వేల రూపాయల ఖర్చు చాలాసార్లు అక్కడితోనే తప్పిపోతుంది.

రెండో పొర గేమ్ డేటా. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. ఉదాహరణకు స్కైరిమ్‌నే తీసుకుందాం, ఎందుకంటే 2011 నవంబర్‌లో వచ్చిన ఆ గేమ్‌కు ఇన్నేళ్ల తర్వాత కూడా కొత్త మోడ్లు వస్తూనే ఉన్నాయి. అందులో రివర్‌వుడ్ అనే ఊళ్లో ఆల్వోర్ అనే కమ్మరి ఉంటాడు. గేమ్ దృష్టిలో ఆల్వోర్ అంటే ఒక రికార్డు: పేరు, ముఖం, బట్టలు, ఏ వేళకు ఏం చేయాలి, ఏ వర్గానికి చెందుతాడు, అన్నీ ఒకే చోట ఉంటాయి. ఊళ్లో జనం ముఖాలు అందంగా మార్చే మోడ్ ఒకటి వేశారు. జనం దినచర్య మార్చి, సాయంత్రమైతే దుకాణం కట్టేసి సత్రానికి వెళ్లేలా చేసే మోడ్ ఇంకొకటి వేశారు. ఒకటి ముఖం మార్చింది, రెండోది దినచర్య మార్చింది, ఒకదాని గడి జోలికి ఇంకొకటి పోలేదు కదా అనిపిస్తుంది. కానీ గేమ్ గడి గడిగా కలపదు. ఆఖరున లోడ్ అయిన మోడ్‌లోని రికార్డును మొత్తంగా తీసుకుంటుంది. రేషన్ కార్డులో ఫోన్ నంబర్ మార్చడానికి కొత్త ఫారం మొత్తం నింపి ఇచ్చి, మిగతా గళ్లలో ఎప్పటివో పాత వివరాలే రాస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. నిన్న ఇంకొకరు సరిచేయించిన అడ్రస్ కూడా పాతదైపోతుంది.

ఆల్వోర్ విషయంలో దినచర్య మోడ్ ఆఖరున ఉంటే ముఖం రికార్డు పాతదైపోతుంది. ముఖానికి సంబంధించిన మోడల్, టెక్స్‌చర్ ఫైళ్లు మాత్రం ముఖం మోడ్‌వే మిగులుతాయి. రికార్డు ఒక ముఖం చెబుతోంది, ఫైలు ఇంకో ముఖం చూపుతోంది. రెండూ సరిపోలకపోయేసరికి ఒంటి రంగు మామూలుగానే ఉండి, మొహం మాత్రం బూడిద నలుపులో కనిపిస్తుంది. స్కైరిమ్ ఆడేవాళ్లలో ఈ నల్లమొహం చూడనివాళ్లు అరుదు. చాలామంది ముఖం మోడ్ చెడిపోయిందనుకుని దాన్ని తీసేసి మళ్లీ వేస్తారు, మళ్లీ అదే వస్తుంది. ఆ మోడ్‌లో లోపమేమీ లేదు, రెండో మోడ్‌లోనూ లేదు. రెంటికీ మధ్య ప్యాచ్ లేదు, అంతే. ముఖం ఒకదాని నుంచి, దినచర్య మరోదాని నుంచి తీసుకుని ఒకే రికార్డుగా రాసి అన్నిటికన్నా ఆఖరున పెట్టే చిన్న ఫైలే ప్యాచ్. ఎక్స్‌ఎడిట్ అనే టూల్‌లో ఆల్వోర్ రికార్డు తెరిస్తే మోడ్లన్నీ పక్కపక్కన నిలువు వరుసల్లో కనిపిస్తాయి, తగువున్న గళ్లు ఎర్రగా ఉంటాయి. మౌస్‌తో కావలసిన గడిని పట్టుకుని ప్యాచ్ వరుసలోకి లాగితే అయిపోతుంది. మొదటిసారి చూస్తే భయమేస్తుంది కానీ, ఎక్సెల్ షీట్లతో రోజూ తంటాలు పడే మనవాళ్లకు అది పట్టుబడటానికి ఒక సాయంత్రం చాలు.

మోడ్లు పెరిగేకొద్దీ పని ఎందుకంత వేగంగా పెరుగుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. తగువు పడగలిగేది జతల మధ్య. పది మోడ్లుంటే 45 జతలు. వంద ఉంటే 4,950. ఐదొందలైతే 1,24,750. అన్ని జతలూ కొట్టుకోవు, బస్సు రంగుకూ చేపల వేటకూ సంబంధమే ఉండదు. కానీ ఏ జత కొట్టుకుంటుందో చూసుకోవలసిన బాధ్యత మాత్రం వేసినవాడిదే. లూట్ లాంటి టూల్స్ లోడ్ ఆర్డర్‌ను చాలావరకు సర్దిపెడతాయి. ఏది ముందు, ఏది వెనక అని చెప్పడం వరకే వాటి పని. రెండింటినీ కలిపి ప్యాచ్ రాయడం వాటి వల్ల కాదు.

అన్ని గేమ్స్‌లో ఈ బాధ ఇంతగా ఉండదు. స్టార్‌డ్యూ వ్యాలీలో కంటెంట్ ప్యాచర్ అనే పద్ధతి ఉంది. అందులో మోడ్ చేసేవాళ్లు ఫైలు మొత్తాన్ని మార్చకుండా, ఈ బొమ్మలో ఈ మూల మార్చు, ఈ పట్టికలో ఈ ఒక్క వరుస చేర్చు అని రాసిపెడతారు. ఇంటి పైకప్పు ఒకరు, తలుపు ఇంకొకరు మార్చినా రెండూ నిలబడతాయి. అందుకే స్టార్‌డ్యూలో వంద మోడ్లు వేసుకున్నవాళ్లు హాయిగా పంట కోసుకుంటుంటే, స్కైరిమ్‌లో యాభై దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. రెండు గేమ్స్ ఆడేవాళ్లు సంఖ్యలు పోల్చుకుంటే ఉపయోగం లేదన్నది ఇందుకే.

సంఖ్యకు ఒక్క చోట మాత్రం నిజమైన హద్దు ఉండేది. స్కైరిమ్‌లో ప్రతి ప్లగిన్‌కు, అంటే మోడ్ తెచ్చే రికార్డులుండే ఫైలుకు, ఒక బైట్ గుర్తు ఇస్తారు కాబట్టి గేమ్ సొంత ఫైళ్లతో కలిపి 255కి మించి పెట్టడం కుదిరేది కాదు. గేమ్ తర్వాతి రూపమైన స్పెషల్ ఎడిషన్‌కు 2017లో తేలికపాటి ప్లగిన్ల ఏర్పాటు వచ్చాక, ఒకే గుర్తు కింద 4,096 చిన్న ప్లగిన్లు పట్టే వీలు కలిగింది. ఇప్పుడు కనిపించే వేల మోడ్ల జాబితాలు దాని చలవే.

మూడో పొర ప్రోగ్రామ్ లోపలికే వెళ్తుంది. స్కైరిమ్‌కు ఎస్‌కేఎస్‌ఈ, స్టార్‌డ్యూకు స్మాపీ, మైన్‌క్రాఫ్ట్‌కు ఫోర్జ్, ఫ్యాబ్రిక్ లాంటివి. గేమ్ చేసినవాళ్లు ఇవ్వని పనులు వీటితో సాధ్యమవుతాయి. స్కైరిమ్ మెనూలను మౌస్‌తో వాడటానికి అనువుగా చేసే స్కైయూఐకి కూడా ఎస్‌కేఎస్‌ఈ కావాలి. ఎస్‌కేఎస్‌ఈ మీద రాసిన చాలా మోడ్లు గేమ్ ప్రోగ్రామ్‌లో ఏ పని మెమరీలో ఏ చిరునామాలో ఉందో తెలుసుకుని అక్కడ చేయి పెడతాయి. గేమ్‌కు అప్‌డేట్ వస్తే ఆ చిరునామాలు జరిగిపోతాయి. 2021 నవంబర్‌లో స్కైరిమ్ యానివర్సరీ ఎడిషన్ వచ్చినప్పుడు గేమ్ చేసిన బెథెస్డా సంస్థ, కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్‌ను కూడా మార్చడంతో అంతకుముందున్న ఈ రకం మోడ్లను రచయితలు మళ్లీ తయారు చేయాల్సి వచ్చింది. కొత్త వెర్షన్ వద్దనుకున్నవాళ్లు గేమ్‌ను పాత వెర్షన్‌కు దింపుకున్నారు. 2024 ఏప్రిల్‌లో ఫాల్‌అవుట్ 4కి పెద్ద అప్‌డేట్ ప్రకటించేసరికి, ఏళ్ల తరబడి శ్రమించి ఫాల్‌అవుట్ లండన్ అనే భారీ మోడ్‌ను ఆ నెలలోనే విడుదల చేయబోతున్న బృందం దాన్ని వాయిదా వేసుకుని జులైలో తెచ్చింది. డబ్బు తీసుకోకుండా పని చేసే మనుషుల మీద ఒక్క అప్‌డేట్ మోపే భారం అంత.

కాబట్టి ఈ పొరలో మోడ్లున్నవాళ్లు, గేమ్స్ కొనుక్కునే స్టీమ్‌లో అప్‌డేట్ సెట్టింగును గేమ్ తెరిచినప్పుడే అప్‌డేట్ అయ్యేలా మార్చి, గేమ్‌ను స్టీమ్ బటన్‌తో కాకుండా ఎస్‌కేఎస్‌ఈ లాంచర్ నుంచి తెరవాలి.

ఇదే పొరలో భద్రత ప్రశ్న కూడా ఉంది. టెక్స్‌చర్ ఒక బొమ్మ, అది మీ కంప్యూటర్‌లో ఏ పనీ చేయదు. కోడ్ ఉన్న మోడ్ మీరు చేయగలిగినవన్నీ చేయగలదు. 2023 జూన్‌లో మోడ్లు దించుకునే కర్స్‌ఫోర్జ్, బుక్కిట్ సైట్లలోని కొన్ని మైన్‌క్రాఫ్ట్ మోడ్లలోకి ఫ్రాక్చరైజర్ అనే మాల్‌వేర్ చొరబడింది. అది కంప్యూటర్‌లో ఉన్న ఇతర జార్ ఫైళ్లకూ (మైన్‌క్రాఫ్ట్ మోడ్లు ఆ రూపంలోనే వస్తాయి) అంటుకునేది, బ్రౌజర్‌లో దాచిన లాగిన్ వివరాలు దొంగిలించేది. పేరున్న చోటు నుంచి దించుకున్నవాళ్లకే అలా జరిగింది. ఆఫీసు లాప్‌టాప్‌లో మైన్‌క్రాఫ్ట్ మోడ్లు వేసే అలవాటు ఐటీ కుర్రాళ్లలో ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఇక ఫోన్లలో తిరిగే, డబ్బులు కట్టకుండా కాయిన్లన్నీ వస్తాయని చెప్పే మోడ్ ఏపీకేల సంగతి వేరు. అవి గేమ్‌ను దొంగతనంగా విప్పి మళ్లీ కట్టిన కాపీలు, లోపల ఏం కలిపారో చూసే దిక్కు లేదు. ఆన్‌లైన్‌లో పదిమందితో ఆడే గేమ్స్‌లో మోడ్ అంటే ఎదుటివాడి ఆట పాడుచేయడమే కాబట్టి ఖాతా బ్యాన్ అవడం న్యాయమే. జీటీఏ 5 స్టోరీ మోడ్‌లో ఏమైనా వేసుకోండి, అదే ఫోల్డర్‌తో ఆన్‌లైన్‌లోకి మాత్రం వెళ్లకండి.

సేవ్ ఫైళ్లు ఎందుకు పోతాయన్నది చాలామందికి చివరిదాకా అర్థం కాదు. స్క్రిప్టులు, అంటే ఆట నడుస్తుండగా పనిచేసే చిన్న ప్రోగ్రాములు, ఉన్న మోడ్ ఒకటి వేసి ఆడుతుంటే, ఆ స్క్రిప్టులు ఏ పని మధ్యలో ఉన్నాయో కూడా సేవ్‌లో రాసుకుపోతుంది. తర్వాత మోడ్ తీసేస్తే సేవ్ మాత్రం లేని స్క్రిప్టు కోసం వెతుకుతూనే ఉంటుంది. వెంటనే ఏమీ కనిపించదు. ఇరవై గంటలు ఆడాక ఏదో ఒక గుహ తలుపు దగ్గర గేమ్ పడిపోతుంది, కారణం ఎప్పుడో మూడు వారాల కింద తీసేసిన మోడ్ అని ఎవరికీ తట్టదు. ఆట మొదలయ్యాక టెక్స్‌చర్లు మార్చుకోవచ్చు, స్క్రిప్టులున్నవి తీయకూడదు అని పాతవాళ్లు మొత్తుకునేది దీనికోసమే. ఎక్కువ మోడ్లు వేసినవాళ్లకన్నా ఆట మధ్యలో రోజూ ఏదో ఒకటి వేస్తూ తీస్తూ ఉండేవాళ్లే ఎక్కువ నష్టపోతారన్నది నేను గట్టిగా చెప్పగలను.

క్రాష్ వచ్చినప్పుడు మోడ్లన్నీ తీసేసి మొదటికి రావడం కూడా అనవసరం. సేవ్ కాపీ ఒకటి పక్కన పెట్టి, పరీక్ష కోసం కొత్త ఆట మొదలుపెట్టి, మోడ్లలో సగం ఆపి చూడాలి. క్రాష్ పోతే దోషి ఆపిన సగంలో ఉంది, పోకపోతే మిగతా సగంలో. ఆ సగాన్ని మళ్లీ సగం చేయాలి. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన మోడ్లను విడదీయకుండా చేస్తే, ఐదొందల్లో దోషి ఒక్కటే అయినప్పుడు తొమ్మిది సార్లలో దొరికిపోతుంది. మోడ్ ఆర్గనైజర్ 2 వాడేవాళ్లకు ఇది సులువు, ఎందుకంటే అది మోడ్లను గేమ్ ఫోల్డర్‌లో కలపకుండా విడిగా ఉంచి, గేమ్ తెరిచినప్పుడు మాత్రం అక్కడే ఉన్నట్టు చూపిస్తుంది. టిక్ తీస్తే మోడ్ లేనట్టే, అసలు గేమ్ చెక్కుచెదరదు.

ఇంత పని ఎందుకు అనుకునేవాళ్ల కోసం వబ్బాజాక్ అనే టూల్ ఉంది. ఎవరో అనుభవజ్ఞులు నెలల తరబడి ప్యాచ్‌లు రాసి కుదిర్చిన జాబితాను అచ్చంగా అలాగే మన కంప్యూటర్‌లో కట్టిపెడుతుంది. పెద్ద జాబితాలకు వందల జీబీల చోటు కావాలి. మోడ్లు దొరికే నెక్సస్ మోడ్స్ సైట్‌లో డబ్బు కట్టని ఖాతా అయితే ప్రతి ఫైలునూ చేత్తో నొక్కి దించుకోవాలి. ఫ్లోర్ మొత్తం పంచుకునే పీజీ వైఫైలో ఇది రోజుల పని, తోటివాళ్లతో ముందే ఒక మాట చెప్పుకోవడం మంచిది. ఈ దారిలో ఒక షరతు ఉంది: జాబితాకు మీ సొంత మోడ్ ఒక్కటి చేర్చినా, వాళ్లు తీర్చిన లెక్క మీ చేతిలో పడినట్టే, ఆ తర్వాత వాళ్లను సాయం అడగడం న్యాయం కాదు.

డబ్బు ప్రశ్న కూడా ఇప్పటికీ తెగలేదు. 2015 ఏప్రిల్‌లో స్టీమ్ నడిపే వాల్వ్, బెథెస్డా కలిసి స్కైరిమ్ మోడ్లను స్టీమ్‌లో అమ్మే ఏర్పాటు తెచ్చాయి. మోడ్ చేసినవాళ్ల వాటా 25 శాతం. ఆడేవాళ్లు భగ్గుమనడంతో కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకున్నాయి. నా మటుకు మోడ్ రచయితలకు డబ్బు రావడం తప్పు కాదు, రావాలి. అయితే ఒక మోడ్ నాలుగు మోడ్ల మీద నిలబడే చోట ఎవరి కష్టానికి ఎంత అన్నది తేల్చకుండా అమ్మకం పెట్టడం అన్యాయం. మన బస్ లివరీలు గీసే కుర్రాళ్ల పరిస్థితి ఇంకా దారుణం. రాత్రుళ్లు కూర్చుని డిపో అక్షరాలు కూడా అచ్చు గుద్దినట్టు గీస్తే, ఇంకొకడు వాళ్ల పేరు చెరిపి తన పేరుతో పెట్టుకుంటాడు.

ఎవరికి ఎంత అన్న లెక్కకు వస్తే, గేమ్‌ను మొదటిసారి ఆడుతున్నవాళ్లకు బగ్స్ సరిచేసేవి, మెనూలు బాగుచేసేవి చాలు. అసలు రుచి తెలియకుండా ఏం మార్చాలో ఎలా తెలుస్తుంది? రెండోసారి ఆడేవాళ్లు మొదటిసారి తమను విసిగించిన విషయాలు ఒక కాగితం మీద రాసుకుని, వాటికి మాత్రమే మోడ్లు వెతుక్కుంటే జాబితా దానంతటదే ముప్పై నలభై దగ్గర ఆగుతుంది. వారానికి నాలుగైదు గంటలు మాత్రమే దొరికే ఉద్యోగస్తులు తయారు జాబితా వేసుకుని దాన్ని కదపకుండా ఆడటం మేలు. ఇక ఆడటం కన్నా కూర్చడంలోనే ఆనందం ఉన్నవాళ్లు ఉంటారు. రాత్రి రెండింటికి నదీ ఒడ్డున గడ్డి పొడవు సరిచేసి, గేమ్ తెరిచి చూసి, మళ్లీ మూసి, మళ్లీ సరిచేస్తారు. వాళ్లను "అసలు ఆడతావా నువ్వు?" అని అడగడం నాకు నచ్చదు. వాళ్లు రాసే ప్యాచ్‌ల వల్లే మిగతావాళ్ల గేమ్స్ నడుస్తున్నాయి. అలాంటివాళ్లు మీ ఫ్లాట్‌లో ఉంటే, వాళ్ల మోడ్ ఫోల్డర్‌నూ, అది ఏ గేమ్ వెర్షన్ మీద పనిచేస్తోందో ఆ వెర్షన్‌నూ కలిపి ఒక బయటి డ్రైవ్‌లో కాపీ పెట్టుకోమని ఇవాళే చెప్పండి. మోడ్ రచయిత తన పేజీలోంచి ఒక ఫైలు దాచేసినా, స్టీమ్ చెప్పకుండా గేమ్‌ను మార్చేసినా ఆ జాబితాను తిరిగి నిలబెట్టగలిగేది ఆ కాపీయే.